పత్తి చేల నడుమ అరమైలు విమానబాట: ఒక కొలతల డైరీ

నవంబరు 9, శనివారం

ఆరిజోనా రాష్ట్రంలోని పినాల్ కౌంటీలో, కాసా గ్రాండే పట్టణం చుట్టూ పరుచుకున్న పత్తి, లూసర్న్ పశుగ్రాసపు చేల నడుమ, ఒక రైతు కుటుంబం పురుగుమందు చల్లే విమానాల కోసం వేసుకున్న మట్టి రన్‌వే ఒకటి పాతికేళ్లకు పైగా వాడకం లేకుండా పడి ఉంది. దానిని గజం గజం కొలిచి, పటం గీసి, ఉన్నది ఉన్నట్లు నమోదు చేయాలన్నది నేను తలపెట్టిన పని. రైతు వయసు డెబ్బై దాటింది. రన్‌వే వేయించింది ఆయన తండ్రి. కొలరాడో నదికి చరిత్రలో మొదటిసారిగా 2021 ఆగస్టులో నీటి కొరత ప్రకటించి, 2022 నుంచి కోత అమలు చేసినప్పుడు అందరికన్నా ఎక్కువగా నష్టపోయింది ఈ కౌంటీ రైతులే. ఈయన కూడా సగం భూమిని బీడు పెట్టారు. ఆ బీడులో కొంత భాగాన్ని సౌర విద్యుత్తు ఫలకాలకు కౌలుకు ఇచ్చే మాట నడుస్తోంది. అది ఖాయమైతే రన్‌వే మీద నేల చదును చేసే గ్రేడర్ యంత్రం తిరుగుతుంది. అందుకే ఈ చలికాలం దాటకుండా పని ముగించాలి.

ఈ రోజు ఏదీ కొలవలేదు, ఏదీ ముట్టుకోలేదు. రైతుతో కలిసి ఒక చివర నుంచి మరొక చివరకు నడిచాను. ఉత్తరపు చివర మట్టి రోడ్డు, దక్షిణపు చివర కాంక్రీటు పంట కాలువ ఉన్నాయి. పడమటి పక్కన ముడతల రేకులతో మూడు వైపులా మూసిన షెడ్డు, దాని ముందు సిమెంటు గచ్చు, గచ్చుకు పక్కగా ఒక పాత బోరు, కొంచెం దూరంలో గాలి దిశ చూపే గాలి సంచి కట్టే ఇనుప గొట్టం కనిపించాయి. గొట్టం పైన రింగు మాత్రమే మిగిలింది. ఎండి విరిగి గాలికి దొర్లుకుంటూ వచ్చే టంబుల్‌వీడ్ ముళ్లపొదలు షెడ్డు లోపల మనిషి ఎత్తున పేరుకుపోయాయి. రన్‌వే అంచుల్లో మెస్కీట్ చెట్లు మొలిచాయి. మన ఊళ్లలో సర్కారు తుమ్మ అని పిలిచే చెట్టుకు ఇది దగ్గరి బంధువు కాబట్టి, ఆకు చూడగానే గుర్తుపట్టాను.

ఇలాంటి పనికి దిగేవారు ముందుగా రెండు విషయాలు తెలుసుకోవాలి. ఈ ఎడారి మట్టిలో ఉండే కాక్సిడియాయిడిస్ అనే శిలీంధ్రపు రేణువులు దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి చేరితే వ్యాలీ ఫీవర్ అనే జబ్బు వస్తుంది. కనుక ఎన్-95 మాస్కు లేకుండా మట్టిని కదిలించకూడదు, గాలి వీచే రోజున పని పెట్టుకోకూడదు. రెండవది, రేకుల కింద, చెత్త కింద గిలక పాములు, నల్ల విడో సాలీళ్లు ఉంటాయి కాబట్టి చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిపి చూడాలి.

నవంబరు 23, శనివారం

ఈ రోజు ఆధార రేఖ వేశాను, అందులో ఒక తప్పు కూడా చేశాను.

మా ఊరు ప్రకాశం జిల్లాలో ఉంది. చిన్నతనంలో సర్వేయరు వచ్చి పొలం కొలిచినప్పుడు గొలుసు రెండో కొస పట్టుకుని నడిచేవాణ్ణి. సర్వే నంబరు మధ్యగా ఒక రేఖ లాగి, దాని మీద నడుస్తూ, గట్టు మలుపు ఎదురైన ప్రతిచోటా లంబంగా ఆఫ్‌సెట్, అంటే రేఖ నుంచి గట్టుకున్న దూరం, తీసి ఎఫ్‌ఎంబీ అనే పొలం కొలతల పుస్తకంలో రాసుకునే ఆ పద్ధతికి మించినది ఈ రన్‌వేకు కూడా అవసరం లేదు. పొడవైన, సన్నని, దాదాపు సమతలంగా ఉన్న నేలను ఇద్దరు మనుషులు, రెండు టేపులు, కొన్ని మేకులతో సరిగ్గా కొలవవచ్చు. ఫీనిక్స్ పక్కనున్న మీసా పట్టణంలో ఉండే మిత్రుడు రెండో కొస పట్టడానికి వచ్చారు. ఆయనది వరంగల్ వైపు. గొలుసు, లింకు, సెంటు అంటే ఆయనకు వివరించి చెప్పవలసిన పని లేకపోయింది.

రేఖ దిశ తెలుసుకోవడానికి నేను షెడ్డు పక్కన నిలబడి దిక్సూచి చూస్తే 343 డిగ్రీలు చూపించింది. దానినే పుస్తకంలో రాసుకుని, రన్‌వే సంఖ్య 34 అని కూడా పక్కన వేసుకున్నాను. రన్‌వే సంఖ్య అంటే అయస్కాంత దిశను పదితో భాగించి దగ్గరి అంకెకు సరిచేసినది. రేఖ రెండు చివరల జీపీఎస్ బిందువులను సాయంత్రం పటం మీద పెట్టి చూస్తే రన్‌వే సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా ఉంది. ఇక్కడ అయస్కాంత సూది నిజమైన ఉత్తరానికి తూర్పుగా ఇప్పుడు దాదాపు 10 డిగ్రీలు ఒరుగుతుంది కాబట్టి, దిక్సూచి 350 చూపించాలి. మిగిలిన ఏడు డిగ్రీల తేడా ఎక్కడిదా అని ఆలోచిస్తే, నా వెనుక ఉన్న షెడ్డు ఇనుప స్తంభాలు, కాళ్ల కింద పాతిపెట్టిన నీటి గొట్టం గుర్తుకు వచ్చాయి. చీకటి పడకముందే తిరిగి వెళ్లి, ఇనుముకు దూరంగా, బాట నడిమధ్యన నాలుగు చోట్ల నిలబడి చూశాను. నాలుగు చోట్లా 350 వచ్చింది. ఒక చివర నుంచి 350, ఎదురు చివర నుంచి 170 కనుక పటం మీద ఇది 17-35 రన్‌వే అవుతుంది. మట్టి బాట కనుక నేల మీద ఆ అంకెలు ఎవరూ ఎన్నడూ రాయలేదు.

అరవై ఏళ్ల క్రితం ఇక్కడ సూది ఒరుగు 13 డిగ్రీలకు పైగా ఉండేది. అప్పటి లెక్కతో చేసినా సంఖ్య 17-35గానే వస్తుంది.

డిసెంబరు 7, శనివారం

పొడవు కొలిచాము. మేకులు వంద అడుగులకొకటి వేయాలని మిత్రుడు అన్నారు కానీ, నేను 66 అడుగులకొకటి వేయమన్నాను. దానికి కారణం ఉంది. ఈ ప్రాంతపు భూమినంతా 19వ శతాబ్దంలో గీలా, సాల్ట్ నదులు కలిసేచోట ఉన్న ఒక గుట్టను మూలబిందువుగా తీసుకుని, మైలు చదరాలుగా విభజించారు. ఆ విభజన 66 అడుగుల గంటర్ గొలుసుతో జరిగింది. మైలుకు 80 గొలుసులు. మన రెవెన్యూ సర్వేలో వాడినదీ అదే గొలుసు. గొలుసుకు వంద లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం, వెయ్యి చదరపు లింకులైతే సెంటు. భూమిని ఏ కొలతతో కోశారో ఆ కొలతతోనే చదివితే, ఎవరు ఏ ఆలోచనతో గీత గీశారో బయటపడుతుందని నా నమ్మకం.

అది ఈ రోజు నిజమైంది. ఉత్తరపు రోడ్డు నడిమి నుంచి దక్షిణపు కాలువ గట్టు వరకు నలభై గొలుసుల పైన ఒక్క అడుగు మాత్రమే తేడా వచ్చింది. నలభై గొలుసులంటే 2,640 అడుగులు, సరిగ్గా అరమైలు. అంటే ఎంత పొడవు రన్‌వే కావాలని ఎవరూ లెక్కవేసి వేయలేదు. రోడ్డు నుంచి కాలువ వరకు ఉన్న పొలం పొడవే రన్‌వే పొడవైంది. వెడల్పు పదకొండు చోట్ల తీస్తే 58 నుంచి 63 అడుగుల మధ్య వచ్చింది. 60 అడుగులని పెట్టుకుంటే, ఆ కుటుంబం పత్తి వేయకుండా విమానానికి వదిలిపెట్టిన నేల 3 ఎకరాల 64 సెంట్లు. మా ఊళ్లో ఒక కుటుంబం మొత్తం సేద్యం అంత ఉంటుంది.

ఉత్తరాన విమానం తిరగడానికి వదిలిన జాగా 140 అడుగులు, దక్షిణాన కాలువకు భయపడి వదిలిన జాగా 120 అడుగులు పోతే, పరుగెత్తడానికి మిగిలేది 2,380 అడుగులు. అది చాలేదా అన్న ప్రశ్నకు జవాబు ఎండలో ఉంది. ఈ నేల సముద్రమట్టానికి సుమారు 1,400 అడుగుల ఎత్తున ఉంది. వేసవి మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలి ఎంతగా పలచబడుతుందంటే, విమానం రెక్కలకూ ఇంజనుకూ అది దాదాపు 5,000 అడుగుల ఎత్తున ఉన్న గాలిలా తోస్తుంది. నిండుగా మందు నింపుకున్న విమానం ఆ గాలిలో లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి, లేచాక కూడా నెమ్మదిగా పైకెక్కుతుంది. రైతు తన తండ్రి కాలపు పనివేళలు చెప్పినప్పుడు లెక్క కుదిరింది. తెల్లవారుజామున మొదటి వెలుగులో ఎగిరి, ఎనిమిది గంటలకల్లా పని ముగించి, విమానాన్ని షెడ్డులో కట్టేసేవారట.

మొదట ఇక్కడ ఎగిరినవి స్టియర్‌మన్ విమానాలు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పైలట్లకు శిక్షణ ఇచ్చిన ఈ రెండు రెక్కల వరుసల విమానాలు, ఫీనిక్స్ పక్కనున్న గ్లెండేల్‌లోని థండర్‌బర్డ్ ఫీల్డ్‌లో కూడా పెద్ద సంఖ్యలో ఉండేవి. యుద్ధం ముగిశాక మిగులు సామగ్రిగా చవకగా అమ్ముడుపోయాయి. కొన్నవారు ముందు సీటు తీసేసి అక్కడ మందు తొట్టి పెట్టి, 220 అశ్వశక్తి ఇంజను బదులు 450 అశ్వశక్తి ఇంజను బిగించి చేల మీదకు దించారు. మొదటి నుంచి పురుగుమందు పనికే రూపొందించిన గ్రమ్మన్ ఆగ్-క్యాట్ 1957లో తొలిసారి ఎగిరింది. తర్వాతి కాలంలో ఈ బాట మీద తిరిగినది అదేనని రైతు చెప్పారు.

డిసెంబరు 28, శనివారం

ఈ వారం అంతా ఇంట్లోనే పని జరిగింది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ తన పాత ఆకాశ ఛాయాచిత్రాలను, నేల ఎత్తుపల్లాలు చూపే టోపో పటాలను అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచింది. ఈ చదరపు మైలుకు దొరికిన చిత్రాలన్నింటినీ తీసి, రోడ్ల కూడళ్లను ఆనవాలుగా పెట్టుకుని ఒకదాని మీద ఒకటి పరిచాను. మొదటి చిత్రంలో బాట లేదు, తర్వాతి దానిలో తెల్లని గీతలా ఉంది, ఆ తర్వాత షెడ్డు నీడ కూడా పడింది. టోపో పటంలో దాని పక్కన ల్యాండింగ్ స్ట్రిప్ అన్న రెండు మాటలు అచ్చయ్యాయి. నలభై గొలుసుల బాటకు ప్రభుత్వ పటంలో దక్కిన గుర్తింపు అదొక్కటే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది దిశ. చుట్టుపక్కల ప్రజా విమానాశ్రయాలు చూడండి: కాసా గ్రాండే రన్‌వే 5-23, కూలిడ్జ్‌లో ఒకటి 5-23, ఎలోయ్‌లో 2-20. ఎక్కువ తక్కువగా ఇవన్నీ నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉన్నాయి. ఈ బాట నిలువుగా ఉత్తర దక్షిణాలుగా ఎందుకుంది? పొలాన్ని ఐమూలగా కోస్తే రెండు పక్కలా త్రికోణపు ముక్కలు మిగులుతాయి. త్రికోణపు ముక్కలో సాలు తీయలేరు, కాలువ నుంచి సైఫన్ గొట్టాలతో పెట్టే నీరు సమంగా పారదు. కనుక నీరు పారే దిశనే విమానం కూడా పాటించవలసి వచ్చింది. గాలికి అడ్డంగా దిగడం ప్రమాదం కాదా అంటే, మందు కొట్టే వేళకు గాలి ఉండనే కూడదు. గాలి ఉంటే మందు పక్క చేలోకి కొట్టుకుపోతుంది. అసలు గాలి లేని వేళలోనే ఎగిరే విమానానికి గాలి దిశ చూసి బాట వేయవలసిన అవసరం లేదు. ఈ ఒక్క విషయం అర్థమయ్యాక, దీనిని విమానాశ్రయంగా చూడడం మానేశాను. ఇది కాలువ, బోరు, గట్టు లాంటి వ్యవసాయపు కట్టడం. పటాన్ని కూడా అలాగే గీయాలని నిర్ణయించుకుని, రన్‌వేతో పాటు చుట్టూ ఉన్న సాళ్ల దిశను, కాలువ తూములను కూడా చేర్చాను.

జనవరి 18, శనివారం

షెడ్డు ముందరి గచ్చు కొలిచాము. ముప్పై అడుగుల పొడవు, ఇరవై నాలుగు అడుగుల వెడల్పు, తూర్పు నుంచి పడమరకు రెండున్నర అంగుళాల వాలు ఉంది. వాలు చివర ఒక అడుగు లోతు గుంట, గుంట నుంచి నేరుగా బయటి మట్టిలోకి తెరుచుకున్న గొట్టం ఉన్నాయి. విమానం ఈ గచ్చు మీద ఆగినప్పుడు బోరు నీళ్లలో మందు కలిపి తొట్టిలోకి ఎక్కించేవారు. కడిగిన నీరు, ఒలికిన మందు ఆ గుంటలోంచి నేలలోకి పోయేవి.

ఇక్కడ పని ఆపవలసి వచ్చింది. పత్తి మీద ఆ కాలంలో చల్లినవి డీడీటీ, టాక్సాఫీన్ లాంటివి. డీడీటీని దేశమంతటా 1972లో నిషేధించారు. టాక్సాఫీన్ వాడకాలను 1982లో చాలావరకు, 1990లో పూర్తిగా రద్దు చేశారు. ఇవి రెండూ మట్టిలో ఏళ్ల తరబడి కరగకుండా నిలిచే మందులు. గుంట పక్క మట్టి మీద గడ్డి పరక కూడా మొలవలేదు. అది మందు వల్లనో, చౌడు నేల గట్టిదనం వల్లనో చూపుతో చెప్పలేము. గుంట లోతును కర్ర దించి కాకుండా, పై నుంచి లేజరు మీటరుతో తీసుకుని దూరంగా వచ్చేశాము. బూట్లను అక్కడే కడిగి సంచిలో కట్టుకున్నాము. కౌలు కాగితాల మీద సంతకం పెట్టకముందే ఈ భాగపు మట్టిని ప్రయోగశాలలో పరీక్ష చేయించమని రైతును గట్టిగా కోరాను, ఆయన ఒప్పుకున్నారు. పటంలో ఈ గచ్చు చుట్టూ ముప్పై అడుగుల మేర గీతలతో నింపి, తవ్వరాదు అని రాశాను.

పక్కనున్న బోరును కూడా ఈ రోజే చూశాను. మోటారు కూర్చున్న కాంక్రీటు దిమ్మె నేల మీద ఆనకుండా, కేసింగ్ గొట్టం మీద వేలాడుతున్నట్లు ఇరవై అంగుళాల ఎత్తున నిలబడి ఉంది. దిమ్మె పైకి లేవలేదు, నేల కిందికి దిగింది. కాలువ నీళ్లు రాకముందు ఈ కౌంటీ రైతులు దశాబ్దాల పాటు భూగర్భ జలాన్నే తోడారు. నీరు ఖాళీ అయిన మట్టి పొరలు నొక్కుకుపోయి నేల కుంగింది, కొన్నిచోట్ల మైళ్ల పొడవున పగుళ్లు వచ్చాయి. పికాచో దగ్గర అలాంటి మొదటి పగులును 1927లోనే గమనించారు. లోతున పాతుకున్న కేసింగ్ మాత్రం అలాగే నిలబడి, ఒకప్పుడు నేల ఎక్కడ ఉండేదో చూపిస్తుంది. దిమ్మె అడుగు నుంచి నేల వరకు నాలుగు మూలలా కొలిచి, సగటు వేసి, పటం పక్కన విడిగా గీశాను. నాకు తెలిసినంతలో ఈ బోరు నమోదు రన్‌వే నమోదు కన్నా విలువైనది.

ఫిబ్రవరి 15, శనివారం

వాన పడింది. నెలల తరబడి ఎదురుచూసిన వాన, మా పనికి కూడా అదే కావలసి వచ్చింది.

రన్‌వే అంచులు చాలాచోట్ల కంటికి ఆనడం లేదని, అక్కడ వెడల్పును ఊహించి వేశానని ముందే రాసుకున్నాను. ఈ ప్రాంతపు కాసా గ్రాండే నేల మన చౌడు నేల లాంటిది, తడిసి ఆరితే తెల్లగా ఉప్పు పైకి తేలుతుంది. దశాబ్దాల పాటు చక్రాలు తొక్కిన నేలలోకి నీరు ఇంకదు. అందుచేత వాన వెలిసిన మర్నాడు పక్క చేలు ఆరిపోయినా రన్‌వే మీద మాత్రం పలచగా నీరు నిలిచి, రెండు అంచులూ గీత గీసినట్లు కనిపించాయి. మిత్రుడు తన డ్రోనును నాలుగు వందల అడుగులకు లోపల ఎగరేసి ఫోటోలు తీశారు. నడి బాటలో చక్రాల జాడలు రెండు సమాంతర చారలుగా, ఉత్తరపు చివర విమానం తిరిగిన చోటు గుండ్రని మెరుపుగా స్పష్టంగా పడ్డాయి. నవంబరు నుంచి నేల మీద వెతికి పట్టుకోలేని ఆ తిరుగుడు జాగా వ్యాసం ఇప్పుడు ఫోటో నుంచి దొరికింది: 96 అడుగులు.

ఊహించి వేసిన మూడు వెడల్పుల్లో రెండు తప్పని తేలింది. వాటిని కొట్టేసి కొత్తవి వేశాను, పాతవి కూడా చెరపకుండా పక్కన ఉంచాను.

దక్షిణపు చివర కాలువ గట్టులో ఉన్న బొరియ దగ్గర ఒక చిన్న గుడ్లగూబ నిలబడి మమ్మల్ని చూస్తూ ఉంది. నేల బొరియల్లో కాపురం పెట్టే ఈ పక్షికి 1918 నాటి వలస పక్షుల చట్టం రక్షణ ఉంది, పైగా ఇది జత కట్టే కాలం. ఆ వైపు చివరి రెండు గొలుసుల అంచులను నేల మీద నడిచి కొలవకుండా, డ్రోనును కూడా అటు పోనివ్వకుండా, పాత ఛాయాచిత్రం నుంచే తీసుకున్నాను. పటంలో ఆ ముక్కను చుక్కల గీతతో వేశాను.

మార్చి 1, శనివారం

ఈ రోజు కొలతలు లేవు. రైతు తన ఇంటి అటక మీద నుంచి ఒక రేకు పెట్టె దించి బల్ల మీద పెట్టారు. అందులో విమానపు పనికి చెల్లించిన రసీదులు ఉన్నాయి. చాలా ఏళ్లవి లేవు. ఉన్నవాటిని ఏళ్ల వారీగా పేర్చి, ఒక్కో పంటకాలంలో ఎన్నిసార్లు మందు కొట్టించారో లెక్క వేశాము. 1995లో తొమ్మిది రసీదులు ఉన్నాయి. 1998లో రెండు. ఆ తర్వాత పెట్టెలో ఏమీ లేదు.

ఆ మూడేళ్లలో ఏం జరిగిందో ఆరిజోనా పత్తి రైతులకు తెలుసు. 1995లో తెల్లదోమ ఏ మందుకూ లొంగకుండా పంటలను ముంచేసింది. 1996లో పురుగు పెరుగుదలను ఆపే కొత్త రకం మందులకు అత్యవసర అనుమతి వచ్చింది, అదే ఏడాది గులాబీ రంగు పురుగును తట్టుకునే బీటీ పత్తి విత్తనం కూడా వచ్చింది. విమానం పిలవవలసిన అవసరం ఒక్కసారిగా తగ్గిపోయింది. బాట పాడుబడడానికి ప్రమాదమో, అప్పో, తగాదానో కారణమై ఉంటుందని నేను మొదట అనుకున్నాను. అసలు కారణం పురుగు తగ్గడం.

గులాబీ రంగు పురుగు కథ అక్కడితో ఆగలేదు. 2006 నుంచి ఆరిజోనాలో బీటీ పత్తితో పాటు, ఫీనిక్స్‌లో పెంచి వంధ్యీకరించిన రెక్కల పురుగులను చిన్న విమానాల నుంచి చేల మీద వదిలారు. అడవి పురుగులు వాటితో జతకడితే సంతతి కలగదు. ఎర బుట్టల్లో పడిన పురుగు ఏ రకమో తెలియడానికి వాటి మేతలో ఎర్ర రంగు కలిపేవారు. 2018 అక్టోబరులో దేశమంతటా పత్తి పండించే ప్రాంతాల్లో ఈ పురుగు నిర్మూలన పూర్తయిందని అమెరికా వ్యవసాయ శాఖ ప్రకటించింది. ఒకప్పుడు విషం చల్లిన ఆకాశం నుంచే చివరకు పురుగుకు పురుగునే విరుగుడుగా వదిలారన్న మాట.

రాత్రి నాన్నగారికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. భారతదేశంలో 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు మా ఇంట్లో కూడా అదే ఆశ పెట్టుకున్నారు. కొన్నేళ్లు నిజంగానే మందు తగ్గింది. తర్వాత గులాబీ పురుగు ఆ విత్తనానికి అలవాటు పడింది, మళ్లీ కాయ చీల్చి చూస్తే లోపల పురుగు కనిపించడం మొదలైంది. "వాళ్లకు పోయింది, మనకు ఎందుకు పోలేదు నాయనా?" అని నాన్నగారు అడిగారు. ఇక్కడ తక్కువ కమతాలు, పెద్ద చేలు, రైతులంతా ఒకే ప్రణాళికకు కట్టుబడడం, పంట తీయగానే కట్టెను దున్నేయడం, వంధ్య పురుగుల విడుదల అన్నీ ఒకే కాలంలో జరిగాయని చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నలభై ఏళ్లు వీపున పంపు మోసి మందు కొట్టిన మనిషి ఆయన. ఆ ప్రశ్నకు నా జవాబు సరిపోలేదని నాకు తెలుసు.

మార్చి 22, శనివారం

పటం పూర్తయింది. అంగుళానికి ఒక గొలుసు చొప్పున గీసిన పొడవాటి కాగితం, దానితో పాటు గచ్చుకూ బోరుకూ విడి పటాలు, ఫోటోల జాబితా, ఏ కొలత చేత్తో తీసినదో ఏది ఫోటో నుంచి తీసినదో చెప్పే పట్టిక తయారయ్యాయి. ఒక ప్రతిని రైతుకు ఇచ్చాను, ఇంకొకటి కౌంటీలోని చరిత్ర సంగ్రహాలయానికి అందజేయడానికి ఆయన సమ్మతించారు. రన్‌వేను మూసివేసినట్లు విమానయాన శాఖకు తెలియజేసే 7480-1 ఫారం గురించి కూడా ఆయనకు చెప్పాను.

ఆయన వంటింటి బల్ల మీద కాగితం పరిచి, అద్దాలు సవరించుకుని, ఉత్తరం నుంచి దక్షిణానికి వేలు పెట్టుకుంటూ చూశారు. తూర్పు చేను దగ్గర వేలు ఆగింది. ఇక్కడ ఒకటి తక్కువైంది అన్నారు. నేను తప్పేమైనా పోయిందేమోనని నా పుస్తకం తీశాను.

జీపీఎస్ రాకముందు, విమానం ఏ సాలు మీదుగా మందు చల్లాలో చూపించడానికి చేను చివర ఒక మనిషి జెండా పట్టుకుని నిలబడేవాడు. విమానం ఒకసారి దాటిపోగానే అతను కొన్ని అంగలు పక్కకు జరిగి మళ్లీ జెండా ఎత్తాలి. పన్నెండేళ్ల వయసు నుంచి ఆ జెండా పట్టుకున్నది తానేనని ఆయన చెప్పారు. తెల్లవారుజామున, నెత్తికి తువాలు చుట్టుకుని, పద్దెనిమిది అంగలు వేసి ఆగడం, విమానం తన మీదుగా రావడం, మందు తుంపరలు పడక ముందే పరుగెత్తడం. ఎక్కువసార్లు పరుగు సరిపోయేది కాదట.

మధ్యాహ్నం ఇద్దరమూ ఆ చేను దక్షిణపు గట్టుకు వెళ్లాము. ఆయన ఇప్పుడు అంత పెద్ద అంగలు వేయలేరు కాబట్టి, తన మామూలు నడకలో పది అంగలు నడిపించి, టేపుతో కొలిచి, అప్పటి ఎత్తును బట్టి అంగను సరిచేసి లెక్క కట్టాము. జెండా నిలిపిన చోట్ల మధ్య దూరం సుమారు 44 అడుగులు వచ్చింది. మొదటి చోటు ఆయనకు కచ్చితంగా గుర్తుంది, అది కాలువ మూడో తూము ఎదురుగా ఉంది. అక్కడ మేకు దించి, ఆధార రేఖ నుంచి ఆఫ్‌సెట్ తీశాను. ఇంటికి వచ్చి తూర్పు చేను అంచున 44 అడుగులకొకటిగా ముప్పై చిన్న త్రికోణాలు వేసి, వాటి పక్కన "జెండా చోట్లు: రైతు జ్ఞాపకం నుంచి" అని రాశాను. సవరించిన ప్రతిని వచ్చే శనివారం ఆయనకు తీసుకువెళ్తాను.